రెడీమేడ్ కంట్రోల్ ప్యానెల్ ఇమేజ్: సర్వర్ లేచింది, ప్యానెల్ మాత్రం తెరుచుకోవడం లేదు

వెబ్‌సైట్లనీ మెయిల్‌నీ బ్రౌజర్‌లోంచే నడిపించే కంట్రోల్ ప్యానెల్, అంటే సీప్యానెలో ప్లెస్కో, ముందే ఎక్కించి పెట్టిన ఇమేజ్‌ని (సిస్టమ్ మొత్తానికి సిద్ధంగా ఉన్న కాపీని) క్లౌడ్ కంపెనీ మార్కెట్‌ప్లేస్‌లో ఎంచుకుని క్లౌడ్ సర్వర్ లేపడం అయిదు నిమిషాల పని. తలనొప్పి ఆ తర్వాత మొదలవుతుంది. ఇమేజ్ తయారు చేసినవాళ్లకు మీ ఐపీ తెలియదు, మీ డొమైన్ తెలియదు, మీ ఫైర్‌వాల్ ఎలా ఉందో తెలియదు. అందుకే మొదటి రోజు వచ్చే తంటాల్లో ఎక్కువ భాగం ప్యానెల్ లోపల ఉండవు, దాని చుట్టూ ఉంటాయి. విసుగొచ్చి సర్వర్ డిలీట్ చేసి ఇంకొకటి పెడితే అదే తంటా కొత్త ఐపీతో మళ్లీ వస్తుంది.

ప్యానెల్ పేజీ రావడం లేదు

ముందు పోర్టు నంబర్ (అడ్రస్‌లో ఐపీ తర్వాత కోలన్ పెట్టి రాసేది) చూసుకోండి. డబ్ల్యూహెచ్ఎమ్‌కి (సీప్యానెల్‌లో సర్వర్ యజమాని వాడే భాగం) 2087, సీప్యానెల్ యూజర్లకు 2083, ప్లెస్క్‌కి 8443, సైబర్‌ప్యానెల్‌కి 8090, హెస్టియాకి 8083, వెబ్‌మిన్‌కి 10000. అడ్రస్ ముందు హెచ్‌టీటీపీఎస్ ఉండాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నా రాకపోతే, ఎలా రావడం లేదో గమనించండి. చక్రం తిరిగీ తిరిగీ చివరికి 'టైమ్డ్ ఔట్' అంటోందా? లేక ఎంటర్ కొట్టగానే 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అంటోందా? ఈ రెండింటికీ కారణాలు వేరు, వెతకాల్సిన చోట్లూ వేరు.

టైమ్ ఔట్ అయితే మీ ప్యాకెట్ దారిలోనే ఎక్కడో ఆగిపోతోంది. చాలా క్లౌడ్‌లలో ఫైర్‌వాల్స్ రెండు ఉంటాయని మర్చిపోకండి: కన్సోల్‌లో కనిపించే సెక్యూరిటీ గ్రూప్ ఒకటి, సర్వర్ లోపలి ఫైర్‌వాల్‌డీ లేదా యూఎఫ్‌డబ్ల్యూ ఇంకొకటి. ఒకదాంట్లో పోర్టు తెరిచి రెండోది వదిలేస్తే లాభం లేదు. ముందు సెక్యూరిటీ గ్రూప్ చూడండి, అక్కడ ఎస్ఎస్‌హెచ్ (సర్వర్‌లోకి కమాండ్ లైన్‌తో వెళ్లే దారి) కోసం 22 ఒక్కటే తెరిచి ఉండటం మామూలే. కర్ల్‌తో (కమాండ్ లైన్ నుంచి పేజీ అడిగే టూల్) ప్రయత్నించినప్పుడు 'నో రూట్ టు హోస్ట్' అని వెంటనే జవాబొస్తే మాత్రం అనుమానం లోపలి ఫైర్‌వాల్ మీదకు పోవాలి. ఫైర్‌వాల్‌డీ మామూలుగా తిప్పి పంపే తీరు అదే. నేనొకసారి గంటన్నర తల పట్టుకుని కూర్చున్నాక తేలిందేమిటంటే, 2087 బదులు 2078 తెరిచాను. అది కూడా సీప్యానెల్‌దే, వెబ్ డిస్క్ పోర్టు. అందుకే రూల్స్ ఎన్నిసార్లు చూసినా సరిగ్గానే ఉన్నట్టు కనిపించింది!

రిఫ్యూజ్డ్ అంటే ప్యాకెట్ సర్వర్ దాకా వెళ్లింది, ఆ పోర్టులో వినేవాళ్లే లేరు. కొత్త సర్వర్‌లో దీనికి మామూలు కారణం, మొదటి బూట్‌లో నడిచే సెటప్ ఇంకా అయిపోకపోవడం. ఎస్ఎస్‌హెచ్‌లో లోపలికెళ్లి ఆ సెటప్ నడిపే క్లౌడ్-ఇనిట్ స్టేటస్ అడగండి. 'రన్నింగ్' అంటే ఆగండి. టెన్షన్ పడి ఈ మధ్యలో రీబూట్ కొడితే సగం సెటప్ అయిన ప్యానెల్ చేతికొస్తుంది, దాన్ని బాగుచేయడం కంటే సర్వర్ మళ్లీ లేపడమే సులువు. 'డన్' అని చూపించినా పోర్టు వినకపోతే సిస్టమ్‌సీటీఎల్‌తో ప్యానెల్ సర్వీస్ స్టేటస్ చూసి, క్లౌడ్-ఇనిట్ అవుట్‌పుట్ లాగ్‌లో చివరి యాభై లైన్లు చదవండి.

నిన్నటిదాకా తెరుచుకుని ఇవాళ మీ ఒక్కరికే తెరుచుకోకపోతే మొబైల్ డేటా మీద ప్రయత్నించండి. అక్కడ వస్తే రెండింటిలో ఒకటి: తప్పు పాస్‌వర్డ్‌లు కొట్టినందుకు ఫెయిల్‌టుబ్యాన్ మీ ఐపీని ఆపేసింది, లేదా మీ ఇంటి బ్రాడ్‌బ్యాండ్ ఐపీ మారి సెక్యూరిటీ గ్రూప్‌లో పాతదే మిగిలింది.

పాస్‌వర్డ్ తెలియదు

సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ కీతో వెళ్లగలిగితే చాలు. రూట్‌గా ప్లెస్క్‌లో 'ప్లెస్క్ లాగిన్', సీప్యానెల్‌లో 'డబ్ల్యూహెచ్ఎమ్‌లాగిన్' కమాండ్ ఇస్తే ఒక్కసారి పనిచేసే లింకు వస్తుంది. లింకులో ఉన్న హోస్ట్‌నేమ్‌కి (సర్వర్ పేరుకి) ఇంకా డీఎన్ఎస్ (పేరుని ఐపీకి కలిపే రికార్డు) లేకపోతే దాని బదులు ఐపీ పెట్టి తెరవండి.

లైసెన్స్ చెల్లదంటోంది

సీప్యానెల్ లైసెన్స్ పబ్లిక్ ఐపీకి ముడిపడి ఉంటుంది. అమెజాన్ క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో సర్వర్‌ని రీబూట్ చేస్తే ఐపీ మారదు, స్టాప్ చేసి స్టార్ట్ చేస్తే మారిపోతుంది. లైసెన్స్‌తో పాటు డీఎన్ఎస్ రికార్డులు కూడా పాత ఐపీ దగ్గరే ఉండిపోతాయి. అందుకే ప్యానెల్‌లో ఒక్క క్లిక్ చేయకముందే ఎలాస్టిక్ ఐపీ (మారకుండా ఉండే ఐపీ) తగిలించుకోవాలి. ఇప్పటికే మారిపోయి ఉంటే స్థిరమైన ఐపీ పెట్టి, లైసెన్స్‌ని దానికి మార్పించుకుని, పబ్లిక్, ప్రైవేట్ ఐపీలను జతచేసే బిల్డ్_సీపీన్యాట్ స్క్రిప్ట్, ఆ తర్వాత లైసెన్స్‌ని మళ్లీ సరిచూసే సీపీకీసీఎల్‌టీ నడపండి. సర్వర్ లోపల 10తోనో 172తోనో మొదలయ్యే ప్రైవేట్ ఐపీ కనిపిస్తే కంగారు పడొద్దు, క్లౌడ్‌లో అది మామూలే.

సర్టిఫికెట్ రావడం లేదు

మొదటిసారి బ్రౌజర్ చూపించే ఎర్ర హెచ్చరిక తప్పు కాదు, ప్యానెల్ తనకు తాను రాసుకున్న సర్టిఫికెట్ అది. ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ కూడా ఫెయిలైతే మూడు చూడండి: డొమైన్ 'A' రికార్డు (పేరుని ఐపీకి కలిపేది) కొత్త ఐపీకి ఉందా, పోర్టు 80 బయటికి తెరిచి ఉందా, పాత సర్వర్ తాలూకు ఐపీవీ6 రికార్డు మిగిలిపోయిందా. ఈ మూడోది ఎవరికీ తట్టదు. ఐపీవీ6 అడ్రస్ ఉంటే లెట్స్ ఎన్‌క్రిప్ట్ ముందు దాని దగ్గరికే వెళ్తుంది, అక్కడున్న పాత సర్వర్ 404 ఇస్తుంది. బటన్‌ని పదేపదే నొక్కకండి, గంటలో 5 సార్లు ఫెయిలైతే ఆ పేరుకి కాసేపు తలుపు మూసేస్తారు.

సర్టిఫికెట్ వచ్చాక రీబూట్ చేస్తే హోస్ట్‌నేమ్ పాతదానికి మారిపోతోందా? అది క్లౌడ్-ఇనిట్ పని. దాని సెట్టింగ్స్‌లో 'ప్రిజర్వ్ హోస్ట్‌నేమ్' ట్రూ చేయండి.

మెయిల్స్ వస్తున్నాయి, వెళ్లడం లేదు

క్యూలో 'కనెక్షన్ టైమ్డ్ ఔట్' పేరుకుపోతుంటే మెయిల్ పంపే ప్రోగ్రామ్ ఎగ్జిమ్‌ని తిట్టకండి. స్పామ్ భయంతో చాలా క్లౌడ్‌లు బయటికి వెళ్లే పోర్టు 25ని మూసేస్తాయి. ఏడబ్ల్యూఎస్‌లో అడిగితే తెరవొచ్చు, గూగుల్ క్లౌడ్‌లో మామూలుగా మూసే ఉంటుంది. 587 మీద రిలే సర్వీస్ (మీ తరఫున మెయిల్ పంపిపెట్టేది) పెట్టుకోవడమే నా సలహా. 25 దొరికినా పంపింది మీరేనని రుజువు చేసే పీటీఆర్, ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే డీఎన్ఎస్ రికార్డులు లేకుండా మెయిల్ నేరుగా స్పామ్‌లోకే పోతుంది.

రెండు రోజులు నడిచి డేటాబేస్ పడిపోతోంది

1 జీబీ సర్వర్ మీద పెట్టారా? కెర్నల్ లాగ్ చూపించే డీమెసేజ్‌లో 'ఔట్ ఆఫ్ మెమరీ' అనే లైన్, పక్కనే మైఎస్‌క్యూఎల్‌డీ పేరు కనిపిస్తే కెర్నలే దాన్ని చంపేసింది. క్లౌడ్ ఇమేజ్‌లలో స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్‌లో వాడుకునే చోటు) తరచూ ఉండదు. 2 జీబీ స్వాప్ ఫైల్ చేసి, ఎఫ్‌స్టాబ్‌లో (బూట్‌లో ఎక్కించాల్సిన వాటి జాబితాలో) రాసి పెట్టండి, లేకపోతే రీబూట్‌కి పోతుంది. వైరస్ స్కానర్ క్లామ్ఏవీ ఆన్‌లో ఉంటే ఆపేయండి, దాని సిగ్నేచర్లే 1 జీబీకి అటూ ఇటూగా మింగేస్తాయి. అప్పటికీ పడిపోతుంటే ర్యామ్ పెంచక తప్పదు.