నాబ్ మీద 180, లోపల 210

నా మొదటి మూడు కేకులూ ఒకేలా పాడయ్యాయి. పైన మాడి, నడిమధ్య పగిలి, కోస్తే లోపల జావ. మొదటిసారి రెసిపీని తిట్టుకున్నాను, రెండోసారి బేకింగ్ పౌడర్ డబ్బాని. మూడోసారి మా అత్తగారు ఒక ముక్కను వేలితో నొక్కి చూసి, "పైన పెంకు, లోపల బురద. గోడ కట్టడానికైతే పనికొస్తుందమ్మా" అన్నారు. మర్నాడే ఓవెన్‌లో పెట్టే చిన్న థర్మామీటర్ ఒకటి కొన్నాను. నాబ్ 180 దగ్గర పెట్టి, ఇరవై నిమిషాలాగి తలుపు అద్దంలోంచి చూస్తే ముల్లు 210 మీద ఉంది. నేరం పిండిది కాదు.

చిన్న ఓటీజీల్లో, అంటే ఓవెన్, టోస్టర్, గ్రిల్ మూడూ కలిసిన పెట్టెల్లో, ఇది మామూలే. చాలావాటిలో వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ అంటే రెండు లోహాలు అతికించిన ఒక పట్టీ. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, రెండోది తక్కువ సాగుతుంది. దాంతో పట్టీ వంగి కరెంటును తెంచేస్తుంది. చల్లారగానే మళ్లీ కలుపుతుంది. ఈ పట్టీ ఉండేది పక్కన నాబ్ వెనకాల, కేకు ఉండేది గది మధ్యలో. పైగా కరెంటు తెగాక కూడా ఎర్రగా కాలిన రాడ్లు కాసేపు వేడిని వదులుతూనే ఉంటాయి. అందుకే లోపలి వేడి ఒకచోట నిలబడదు, ఊయలలా పైకీ కిందికీ ఊగుతుంది.

కాబట్టి కొత్త ఓవెన్ కొన్నవాళ్లు కేకు జోలికి పోకుండా ఒక సాయంత్రం దీనికే ఇవ్వండి. ముందుగా ఖాళీ ఓవెన్‌ను గరిష్ఠ వేడి మీద పదిహేను నిమిషాలు నడపండి, కిటికీలు తెరిచి. కొత్త రాడ్లకు ఉన్న నూనె పూత కాలి కాస్త పొగ, వాసన వస్తాయి. కంగారు పడక్కర్లేదు. చల్లారాక థర్మామీటర్‌ను కేకు ఎక్కడ పెడతారో సరిగ్గా అక్కడ, ఊచల మధ్యలో పెట్టి, నాబ్ 180కి తిప్పండి. 20, 25, 30, 35 నిమిషాల దగ్గర తలుపు తెరవకుండా ముల్లు చూసి రాసుకోండి. ఆ నాలుగు అంకెల సగటే మీ ఓవెన్ చెప్పే 180కి అసలు అర్థం. తర్వాత 150, 200, 230 దగ్గర కూడా ఇదే చేయండి. తేడా అన్నిచోట్లా ఒకేలా ఉండదు. నాదాంట్లో 180 దగ్గర ముప్ఫై డిగ్రీలు ఎక్కువ, 230 దగ్గర పదే ఎక్కువ.

థర్మామీటర్ లేకపోతే చక్కెర ఉంది. చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఫాయిల్‌ను చిన్న దొన్నెలా మడిచి ఒక చెంచా చక్కెర వేసి, బాగా కాగిన ఓవెన్‌లో నాబ్ 175 మీద పదిహేను నిమిషాలు ఉంచండి. కరిగిందంటే మీ ఓవెన్ చెప్పినదానికంటే వేడిగా ఉన్నట్టు. 190 దగ్గర ఉంచినా పలుకులు పలుకులుగానే ఉంటే చల్లగా ఉన్నట్టు. థర్మామీటర్ అంత కచ్చితం కాదు గానీ, ఓవెన్ ఎటు మొగ్గుతోందో తెలిసిపోతుంది.

ఇంకో పరీక్ష నాకు భలే ఇష్టం. ఊచల మీద బ్రెడ్ ముక్కలు సందు లేకుండా పరిచి, 180 దగ్గర ఎనిమిది, పది నిమిషాలు ఉంచి, ఆ వరస చెదరకుండా బయటికి తీసి చూడండి. ఎక్కడ ఎక్కువ వేడి తగులుతోందో రంగే చెబుతుంది. నా ఓవెన్‌లో వెనక కుడి మూల ముక్క కాఫీ రంగుకొచ్చింది, తలుపు దగ్గరివి ఇంకా తెల్లగానే ఉన్నాయి. అప్పటినుంచి మూడొంతుల్లో రెండొంతుల సమయం గడిచాక టిన్నును ఒకసారి వెనకది ముందుకు తిప్పుతున్నాను. బ్రెడ్ ముక్కలు వృథా కావు, పొడి చేసుకోవచ్చు.

కరెంటు సంగతి కూడా చూసుకోవాలి. ఓవెన్ వెనక రాసి ఉన్న వాట్లను మీ ఇంటి వోల్టులతో భాగించండి. 1500 వాట్లను 230తో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. చిన్న ప్లగ్గులకు, సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగలకు అది మోయలేని బరువు. పెద్ద సాకెట్‌లోనే పెట్టండి, అదే సాకెట్ మీద ఇంకే వేడి సామాను నడపకండి. గోడకు ఆనించి పెట్టకుండా చుట్టూ జానెడు ఖాళీ వదలండి. ఓవెన్ పైన బట్టలూ ప్లాస్టిక్ డబ్బాలూ పెట్టే అలవాటుంటే ఈరోజే మానేయండి.

ఇక కేకు. నేను ఓవెన్‌ను పరీక్షించడానికి ఎప్పుడూ ఒకటే చేస్తాను. మూడు గుడ్లు, 150 గ్రాముల మెత్తటి వెన్న, 150 చక్కెర, 150 మైదా, ఒక టీస్పూన్ బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల పాలు. పెంకు తీసేస్తే గుడ్డు సుమారు 50 గ్రాములు తూగుతుంది, కాబట్టి నాలుగు సరుకులూ సమానం. త్రాసు కొనండి. కప్పుతో కొలిస్తే ఒకే కప్పులో మైదా ఒకసారి 120 గ్రాములు, గట్టిగా కూరితే 150 దాకా పడుతుంది. ఆ తేడాకే కేకు ఎండిపోతుంది.

వెన్న ఎంత మెత్తగా ఉండాలంటే, వేలితో నొక్కితే గుంట పడాలి గానీ వేలికి నూనె అంటకూడదు. హ్యాండ్ మిక్సర్‌ను తక్కువ స్పీడులో మొదలుపెట్టి, వెన్న, చక్కెర కలిపి నాలుగైదు నిమిషాలు గిలక్కొట్టండి. ఇక్కడ తొందరపడితే తర్వాత ఎన్ని చేసినా కేకు పొంగదు. చక్కెర పలుకుల అంచులు వెన్నలో గాలి బుడగలు దూరుస్తాయి. బేకింగ్ పౌడర్ కొత్త బుడగలు పుట్టించదు, ఉన్నవాటినే ఉబ్బిస్తుంది. పసుపు రంగు పోయి తెల్లబడి, గిన్నె అంచుకు నురగలా అంటుకుంటే అయినట్టు. గుడ్లు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచి, ఒక్కొక్కటిగా కలపండి. చల్లటి గుడ్డు పడితే మిశ్రమం విరిగినట్టవుతుంది. అలాగైతే ఒక చెంచా మైదా వేసి తిప్పండి, సర్దుకుంటుంది.

మిక్సర్ గురించి చిన్న మాట. ఎంతసేపు ఆపకుండా తిప్పొచ్చో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. నాదానికి ఐదు నిమిషాలు. చేతికి వెచ్చగా తగిలితే ఆపి రెస్ట్ ఇవ్వాలి. బీటర్లు ఊడదీసే ముందు ప్లగ్ తీయాలి. స్విచ్ మాత్రమే ఆపి, అంటిన పిండిని వేలితో తుడవబోతుంటే మోచేయి బటన్‌కు తగిలింది ఒకసారి. వేలికి దెబ్బ తగల్లేదు గానీ, గోడ మీద మరకలు రెండు రోజులు తోమాను.

మైదా వేశాక మిక్సర్‌తో పనిలేదు. బేకింగ్ పౌడర్‌తో కలిపి జల్లించి, గరిటెతో కిందినుంచి పైకి మడిచినట్టు కలపండి. పొడి పిండి కనపడనంత వరకే. ఎక్కువ తిప్పితే మైదాలోని గ్లూటెన్ అనే జిగురు సాగి కేకు రబ్బరులా వస్తుంది. పాలు పోసి, బటర్ పేపర్ వేసిన ఏడు అంగుళాల టిన్నులో మూడింట రెండొంతులకు మించకుండా నింపండి.

ఓవెన్ కాగుతోందని చూపే లైటు ఆరగానే కాగిందనుకోకండి. ఆ మొదటిసారి గాలి కాగుతుంది, గోడలు కాగవు. లైటు రెండోసారి వెలిగి ఆరేదాకా ఆగండి. లోపల నిజంగా 175 ఉండాలి, అంటే నాదాంట్లో నాబ్ 150 దగ్గర. ఓవెన్‌లోని ఫ్యాన్ నడిపేవాళ్లు ఇంకో 15, 20 డిగ్రీలు తగ్గించాలి. నల్లటి టిన్ను కూడా మెరిసే టిన్నుకంటే వేడిని ఎక్కువ లాగుతుంది, దానికీ ఒక పది తగ్గించండి. కేకు నడుము ఓవెన్ నడుముకు రావాలి కాబట్టి ఊచలను కింది మెట్టులో పెట్టండి. పొంగాక కూడా పై రాడ్లకూ కేకుకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ ఉండాలి.

మొదటి ఇరవై ఐదు నిమిషాలు తలుపు ముట్టుకోవద్దు. లోపలి గోడలు ఇంకా గట్టిపడని కేకు, చల్లగాలి తగిలితే కూలిపోతుంది. పైన రంగు ముందే వచ్చేస్తుంటే ఆ తర్వాత ఫాయిల్ వదులుగా కప్పండి, రాడ్లకు మాత్రం తగలకూడదు. 35వ నిమిషం నుంచి చూడటం మొదలుపెట్టండి. అంచులు టిన్నును వదలాలి, మధ్యలో నొక్కితే తిరిగి లేవాలి, పుల్ల గుచ్చితే పొడిగా రావాలి. గుచ్చే థర్మామీటర్ ఉంటే మధ్యలో 96 నుంచి 98 డిగ్రీలు. పది నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత ఊచల మీదికి బోర్లించండి. టిన్నులోనే చల్లారనిస్తే ఆవిరికి అడుగు చెమ్మగిల్లుతుంది.

నాలుగో కేకును అత్తగారు మళ్లీ వేలితో నొక్కారు. ఏమీ అనలేదు. రెండో ముక్క కోసుకుని టీ పెట్టమన్నారు. నా ఓవెన్ నెత్తిన ఉన్న అలమర తలుపు లోపల ఇప్పటికీ ఒక కాగితం అతికించి ఉంది: "175 కావాలంటే 150. 200 కావాలంటే 170. కుడి మూల జాగ్రత్త." పోయిన నెల పై రాడ్డు పాడైతే మార్పించాను, కాబట్టి ఈ ఆదివారం బ్రెడ్ ముక్కలు మళ్లీ పరవాలి.