వీధిగోడ బొమ్మపై గొడవ లేస్తే: సున్నం బకెట్టు రాకముందే చేయవలసిన పనులు

వీధిగోడ మీద బొమ్మ నచ్చనివారు కోర్టుకు వెళ్లనక్కరలేదు. తెల్లవారకముందే ఒక బకెట్టు సున్నం, ఒక బ్రష్షు తెచ్చుకుంటే వారి పని అయిపోతుంది. అందుచేత బొమ్మను కాపాడుకోవాలనుకునే బస్తీ సంఘం చేయవలసిన పనుల్లో ఎక్కువ భాగం రంగు డబ్బా మూత తీయకముందే ఉంటాయి.

మొట్టమొదట ఆ గోడ ఎవరిదో తేల్చుకోవాలి. ఇంటి ప్రహరీ అయితే యజమాని సంతకం, బడి గోడ అయితే యాజమాన్యం రాసిచ్చిన అనుమతి, వంతెన స్తంభమైతే దానిని చూసుకునే శాఖ అనుమతి కావాలి. "వేసుకోండి, నేనున్నానుగా" అని వార్డులో ఎవరో పెద్దమనిషి ఇచ్చిన భరోసా గొడవ రోజున ఎందుకూ కొరగాదు. బహిరంగ ప్రదేశాల రూపు చెడగొట్టడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చేసిన చట్టం ఒకటి ఉంది కనుక, అనుమతి లేని బొమ్మ ఎంత అందంగా ఉన్నా దాని మీద ఫిర్యాదు చేయడం తేలిక.

అనుమతి పత్రంలో గోడ కొలతలు, ఆమోదించిన నమూనా చిత్రం, బొమ్మ ఉండే కాలం రాసుకోవాలి. చెరపవలసి వస్తే ఎన్ని రోజుల ముందు చిత్రకారుడికి తెలపాలో కూడా రాయాలి. అందరూ మరచిపోయేది ఇదే. కాపీరైట్ చట్టం 57వ సెక్షను ప్రకారం, హక్కులు రాసిచ్చేసిన తర్వాత కూడా, తన ప్రతిష్ఠ దెబ్బతినేలా కృతిని పాడుచేస్తే కర్త పరిహారం కోరవచ్చు. ఢిల్లీలోని ప్రభుత్వ సమావేశ మందిరం విజ్ఞాన్ భవన్‌లో ఉన్న, శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఆయనకు చెప్పకుండా ఊడదీసి గోదాములో పడేశారు; ఢిల్లీ హైకోర్టు 2005లో 5 లక్షల రూపాయల పరిహారంతోపాటు మిగిలిన ముక్కలను తిరిగి ఇవ్వమంది. ఇరవయ్యారేళ్లు గడిచాక ముక్కలు! ముందస్తు నోటీసు షరతు ఎందుకో దీన్నిబట్టి తెలుస్తుంది.

నమూనాను వారం రోజులు ఆ గోడకే అతికించి, అభ్యంతరాలను రాతలో తీసుకోండి. "బాగోలేదు" అన్నవారిని ఏ భాగం, ఎందుకు అని అడగండి. వాక్ స్వాతంత్ర్యంపై రాజ్యాంగం 19(2) అధికరణంలో అనుమతించిన పరిమితుల్లో శాంతిభద్రతలు, పరువునష్టం, సభ్యత వంటివి ఉన్నాయి గాని, "నచ్చకపోవడం" అనేది వాటిలో లేదు. అయితే చనిపోయిన కుర్రవాడి ముఖాన్ని తమను అడగకుండా గీశారని అతని తల్లి వచ్చి చెబితే, నా మట్టుకు అది చర్చ అక్కరలేని అభ్యంతరం. మార్పు చేయవలసి వస్తే ఆ చిత్రకారుడే చేయాలి. మరొకరు నల్లరంగు పూసి కప్పడం కాదు.

చెరపడానికి సిబ్బంది వస్తే తోపులాటకు దిగకుండా ఉత్తర్వు ప్రతి అడగండి, టేపుతో కొలత కనబడేలా ఫోటోలు తీయండి. ఉత్తర్వు చూపకపోతే, ఏ నిబంధన కింద ఎవరు ఆదేశించారో సమాచార హక్కు దరఖాస్తులో అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

అప్పటికే కప్పేసి ఉంటే చాకుతో గీకవద్దు. లాస్ ఏంజెలెస్‌లో మెక్సికో చిత్రకారుడు సికీరోస్ 1932లో వేసిన కుడ్యచిత్రాన్ని తెల్లరంగుతో కప్పేశారు. ఏళ్ల తరబడి ఎండకు ఆ పూత పొరలుగా లేచి బొమ్మ మళ్లీ బయటపడింది, సంరక్షణ పనులయ్యాక 2012లో ప్రజలకు చూపారు. ముందు ఒక మూలన బొటనవేలంత చోట తడిగుడ్డతో అద్ది చూడండి. గుడ్డకు తెల్లపొడి అంటితే అది సున్నం కావచ్చు. అంటకపోతే ఎమల్షన్ రంగు కావచ్చు కనుక, సంరక్షణ తెలిసినవారు వచ్చేదాకా గోడను ముట్టుకోకండి.