దసరాకు సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా? ముందు ఇవి చూడండి

పండగ దగ్గరపడింది, బెంగళూరు నుంచి కేఏ నంబరు బండ్లు మన అనంతపురంలో దిగుతున్నాయి.

కాగితాలే మొదట. కర్ణాటక బండికి అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ (బండి వేరే రాష్ట్రానికి వెళ్లడానికి అభ్యంతరం లేదనే పత్రం) చూడకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వొద్దు, ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే లోన్ తీరిన లెటర్, ఫైనాన్స్ పేరు తీయించే ఫారం 35 తీసుకోండి, పైగా ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి కాబట్టి ఆ చవక ధర చూసి మురిసిపోకండి (మా బావ ఇలాగే ఇరుక్కున్నాడు).

సీటు బెల్టు చివరిదాకా లాగండి. లోపల మట్టి మరకలుంటే నీళ్లలో మునిగిన బండేమో.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. వెళ్లేసరికే వేడిగా ఉంటే, స్టార్టింగ్ ఇబ్బంది దాచడానికి ముందే నడిపారేమోనని నాకైతే అనుమానమే.

ఏసీ మిట్టమధ్యాహ్నం చూడండి, సాయంత్రం అన్నీ చల్లగానే ఉంటాయి.

టైరు మీద 2319 అంటే 2019లో 23వ వారం తయారీ. అంత పాతవైతే కొత్త టైర్ల ఖర్చు ధరలో తగ్గించమనండి.