ఛాతీ ఎక్స్‌రే చదవడం – నాలుగవ పాఠం: ఒక పక్క కనిపించని పుపుస ధమని

గత పాఠంలో ఊపిరితిత్తి మూలాన్ని, అంటే ఎక్స్‌రే గదిలో మనం హైలం అనే చోటును, రెండు వైపులా పోల్చి చూడడం నేర్చుకున్నాము. మామూలుగా ఎడమ హైలం కుడిదానికంటే కొంచెం పైన ఉంటుందనీ, రెండూ సమానంగా ఉన్నా తప్పు లేదనీ, ఎడమది కిందికి దిగితే మాత్రం కారణం వెతకాలనీ చెప్పుకున్నాము. గుండె నుంచి ఊపిరితిత్తికి రక్తం తెచ్చే పుపుస ధమని ఒక పక్క లేనప్పుడు, ఆ వైపు హైలం దాదాపుగా లేనే లేనట్టు కనిపిస్తుంది; అటువంటి ఫిల్మును ఎలా చదవాలన్నది ఈ పాఠం.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు పనిచేసే మనకు ఇటువంటి ఫిల్ము చేతికి వచ్చేసరికి, దాని వెంట ఒక సంచీడు కాగితాలు కూడా వస్తాయి. కొన్ని ఒడియాలో, కొన్ని తెలుగులో రాసి ఉంటాయి. ఎక్కడో ఒకచోట ‘పాత టీబీ’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. ఈ ప్రాంతంలో ఊపిరితిత్తి ఒక పక్క కుంచించుకుపోతే ముందుగా టీబీని అనుమానించడం సబబే. అయితే కఫంలో క్రిమి ఎన్నడూ దొరకని మనిషికి, చిన్నప్పటినుంచీ అదే పక్క చిన్నదిగా ఉన్న మనిషికి మళ్లీ ఆరు నెలల మందులు మొదలుపెట్టే ముందు హైలం వైపు ఒకసారి చూడడం ధర్మం. ఒక పక్క పుపుస ధమని పుట్టుకతోనే లేకపోవడం, ఇతర గుండె లోపాలు లేకుండా, సుమారు రెండు లక్షల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా.

ఫిల్ము మీద కనిపించే ప్రతి గుర్తుకూ మూలం గర్భంలో ఉంది. పిండంలో ఆరవ జత ధమనీ చాపాల నుంచి కుడి ఎడమ పుపుస ధమనుల మొదటి భాగాలు ఏర్పడతాయి. ఒక వైపు ఈ భాగం అణగారిపోతే, ఊపిరితిత్తి లోపలి కొమ్మలు మాత్రం చాలావరకు సక్రమంగానే పెరుగుతాయి, ఎందుకంటే పుట్టేవరకు వాటికి డక్టస్ అనే నాళం ద్వారా రక్తం అందుతూనే ఉంటుంది. పుట్టాక ఆ నాళం మూసుకుపోతుంది. అప్పటినుంచి శ్వాసనాళికల ధమనులు, పక్కటెముకల మధ్య సాగే ధమనులు మెల్లగా లావెక్కి ఆ బాధ్యతను తలకెత్తుకుంటాయి. లోపం ఎక్కువగా బృహద్ధమని చాపానికి, అంటే గుండె నుంచి ఒంటికంతటికీ రక్తం తీసుకుపోయే పెద్ద ధమని వంపుకు, ఎదురు వైపున ఉంటుంది. చాపం సాధారణంగా ఎడమ పక్కనే ఉంటుంది కాబట్టి, గుండె బాగున్నవారిలో కుడి ధమని లేకపోవడమే ఎక్కువ. ఎడమ ధమని లేనివారిలో చాపం కుడి పక్కకు తిరిగి ఉండడం, ఫాలో టెట్రాలజీ వంటి గుండె లోపం తోడుగా ఉండడం తరచు చూస్తాము.

ఇక ఫిల్ము. ముందుగా మనిషి తిన్నగా నిలబడ్డాడో లేదో తేల్చుకోవాలి. మెడ కింద అడ్డంగా ఉండే రెండు జత్రుకల (క్లావికిల్) లోపలి కొనల నుంచి వెన్నుపూస ముల్లుకు దూరం సమానంగా ఉండాలి. తల్లి ఒళ్లో ఏడుస్తూ ఒరిగిన పసివాడి ఫిల్ములో ఒక ఊపిరితిత్తి నల్లగా, ఒకటి తెల్లగా పడుతుంది. దానిమీద ఏ నిర్ణయమూ చేయరాదు, మళ్లీ తీయించాలి. తిన్నగా ఉన్న ఫిల్ములో ఒక పక్క ఛాతీ చిన్నదై, పక్కటెముకలు దగ్గరపడి, గుండె, శ్వాసనాళం అటువైపు లాగబడి, ఆ పక్క విభాజక పటలం (డయాఫ్రం) పైకి లేచి ఉంటే ఆ ఊపిరితిత్తి ఘనపరిమాణం తగ్గిందని అర్థం. ఇక్కడివరకు టీబీకైనా ఇదే వర్ణన సరిపోతుంది. తేడా తెలిసేది ఆ తరువాతనే. టీబీ తిన్న ఊపిరితిత్తిలో గుంతలు, సున్నపు మచ్చలు, మందమైన చారలు ఉంటాయి, హైలం పైకి లాగబడి ఉన్నా ఉంటుంది. ధమని లేని ఊపిరితిత్తి చిన్నదే గాని శుభ్రంగా ఉంటుంది, హైలం చోట ధమని నీడ కనిపించదు. అంచుల వెంబడి సన్నని గీతలు, కొందరిలో పక్కటెముకల కింది అంచున చిన్న నొక్కులు కనిపిస్తాయి. అవి లావెక్కిన పక్కదారి ధమనుల జాడలు. రెండో ఊపిరితిత్తి ఉబ్బి, మధ్యగీతను దాటి ఇవతలికి వస్తుంది.

ఇదే రూపాన్ని అనుకరించే మరొక వ్యాధిని 1953లో స్వైయర్, జేమ్స్ అనేవారు వర్ణించారు. పసితనంలో వచ్చిన ఇన్‌ఫెక్షన్ చిన్న శ్వాసనాళికలను పాడుచేయగా, ఆ పక్క ఊపిరితిత్తి నల్లగా, హైలం చిన్నదిగా కనిపిస్తుంది. ఈ రెంటినీ విడదీయడానికి ఖరీదైన యంత్రం అక్కరలేదు. ఊపిరి పూర్తిగా వదిలించి మరొక ఫిల్ము తీయండి. స్వైయర్–జేమ్స్‌లో గాలి లోపలే చిక్కుకుని ఆ పక్క నల్లగానే ఉండిపోతుంది. ధమని లేనివారిలో గాలి దారి బాగానే ఉంటుంది కాబట్టి రెండు పక్కలా గాలి మామూలుగా ఖాళీ అవుతుంది. ఈ ఒక్క ఫిల్మును చాలామంది అడగరు. నా దృష్టిలో ఈ పాఠమంతటిలోనూ చేతికి ఎక్కువగా పనికివచ్చేది ఇదే.

రోగిని అడగవలసిన ప్రశ్నలూ ఉన్నాయి. ఆయాసం, మాటిమాటికీ వచ్చే న్యుమోనియా, దగ్గులో రక్తం గురించి ఎలాగూ అడుగుతాము. వాటితోపాటు ఎత్తైన ప్రదేశాలకు వెళ్లినప్పుడు ఏమైందని కూడా అడగండి. ఈ జిల్లాల కుర్రవాళ్లు సైన్యంలో చేరి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ వంటి చోట్లకు వెళతారు. ధమని లేనివారికి అంత ఎత్తున ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు మామూలు వారికంటే ఎక్కువ. గర్భిణి అయితే పుపుస ధమనిలో రక్తపోటు ఎంత ఉందో ఎకోతో, అంటే గుండె స్కానుతో, ముందే తెలుసుకోవాలి.

అనుమానం బలపడినప్పుడు బరంపురమో విశాఖపట్నమో పంపే చీటీ మీద ఒట్టి ‘సీటీ ఛాతీ’ అని రాసి ఊరుకోవద్దు. ‘కాంట్రాస్టుతో సీటీ పల్మనరీ యాంజియోగ్రామ్, కుడి పుపుస ధమని ఉందా’ అని ప్రశ్నతో సహా రాయండి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష ఇక్కడే చేయించి రిపోర్టు జతచేయండి; లేకపోతే ఆ కుటుంబం బస్సు ఛార్జీలు రెండుసార్లు పెట్టుకోవాలి. ఆ సీటీలో ధమని పుట్టిన చోటు నుంచి ఒక సెంటీమీటరు లోపే మొండిగా ఆగిపోయి ఉంటుంది. బాధలేమీ లేనివారికి ఎకోతో కాలానుగుణంగా కనిపెట్టుకుని ఉండడమే చికిత్స. రక్తం పడేవారికి ఆ పక్కదారి ధమనులను లోపలినుంచి మూసివేస్తారు. అదీ చాలకపోతేనే ఊపిరితిత్తిని తీసివేసే మాట వస్తుంది. శైశవంలోనే తెలిస్తే ధమనిని తిరిగి కలిపే శస్త్రచికిత్సకు వీలుండవచ్చు.

అభ్యాసానికి: మీ గదిలో ‘ఒక పక్క ఫైబ్రోసిస్’ (మచ్చకట్టి గట్టిపడడం) అని రాసి పెట్టిన పాత ఫిల్ములను తీయండి. రిపోర్టు చూడకుండా, మనిషి తిన్నగా ఉన్నాడా, హైలం ఉందా, ఊపిరితిత్తి శుభ్రంగా ఉందా అని వరసగా చూసి, మీ జవాబును పెన్సిలుతో కవరు మీద రాయండి. వచ్చే పాఠంలో, ఎడమ పుపుస ధమని కుడిదాని నుంచి పుట్టి శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్యగా దూరి వచ్చే లోపాన్ని, బేరియం తాగించి తీసిన పక్క ఫిల్ములో అన్నవాహిక ముందు గోడ మీద పడే నొక్కు ద్వారా గుర్తించడం నేర్చుకుందాము.