వైజాగ్‌లో పాత కట్టడాలు: టికెట్లు, వేళలు, తిరిగే వరుస

విశాఖలో టికెట్టు దొరక్క వెనక్కి వచ్చేవాళ్లు తక్కువ, వేళ తప్పి వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ. కాబట్టి ఏ రోజు ఏది చూడాలో ముందు తేల్చుకోండి.

ఆర్కే బీచ్‌లోని కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సోమవారం సెలవు. మంగళవారం నుంచి శనివారం దాకా మధ్యాహ్నం 2 గంటలకు గాని తెరవరు. ఆదివారాలు, పండగ సెలవుల్లో మాత్రం పొద్దున 10కే తెరుస్తారు. టికెట్టు కౌంటర్‌లోనే ఇస్తారు. రోడ్డుకు అటువైపున్న టీయూ-142 విమానం కూడా చూసేదుంటే రెంటికీ కలిపి ఇచ్చే టికెట్టు అడగండి. తెరిచిన గంటలోపే వెళ్లడం మేలు. సాయంత్రం బీచ్‌కొచ్చిన జనమంతా ఇటే మళ్లుతారు, ఆ తోపులాటలో గైడు చెప్పేది చెవిన పడదు. 1969లో నౌకాదళంలో చేరి 2001లో సెలవు తీసుకున్న ఈ జలాంతర్గామి పొడవు 91 మీటర్లు, లోపల నడవ మాత్రం మనిషి పట్టేంతే. గదికీ గదికీ మధ్య తల వంచి, కాలెత్తి దాటాలి. ఒక కొస నుంచి ఎక్కి రెండో కొస నుంచి దిగాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ఈ సంగతి ముందే చెప్పండి. భుజాన పెద్ద బ్యాగు వద్దు.

అదే రోజు పొద్దున తొట్లకొండ బౌద్ధారామం పెట్టుకుంటే సరిపోతుంది. భీమిలి దారిలో, ఊరికి 15 కిలోమీటర్లు. ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు నుంచి 900కె బస్సు కొండ కింద దింపుతుంది. పైకి నడకే, చుట్టూ తిరుగుతూ ఎక్కాలి. ఆటో అయితే రానూపోనూ మాట్లాడుకోండి, పైన ఖాళీ ఆటో దొరకదు. 1988 నుంచి 1993 దాకా తవ్వకాల్లో బయటపడిన స్తూపం, విహారాల పునాదులన్నీ ఆరుబయటే ఉన్నాయి. పదిన్నర దాటితే రాయి కాలుతుంది. నీళ్లసీసా కిందే కొనుక్కోండి. రాతిలో తొలిచిన నీటి తొట్లను తీరిగ్గా చూడండి, వాన కొద్ది రోజులే పడే చోట భిక్షువులు ఏడాదంతా ఎలా గడిపారో అక్కడే అర్థమవుతుంది.

పోర్టు పక్కన రాస్‌హిల్ చర్చి, దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి మూడు కొండల మీద పక్కపక్కనే ఉంటాయి. టికెట్టు లేదు. ఒక పూట చాలు.

సింహాచలం దర్శనం టికెట్లు ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. శాసనాలు చూడాలనుకునేవాళ్లు శనివారం, చందనోత్సవం రోజు (అక్షయ తృతీయ) తప్పించాలి. ఏడాదికొక్కసారి నిజరూప దర్శనం కాబట్టి ఆ రోజు నిలబడి చదివే జాగా ఉండదు. ఫోన్ లోపలికి రానివ్వరు. రాసుకోవడానికి కాగితం, పెన్ను పట్టుకెళ్లండి.

బొజ్జన్నకొండ అనే బౌద్ధ క్షేత్రాన్ని వీటితో కలపకండి. అది అనకాపల్లి పక్కన శంకరంలో ఉంది, రైల్లో వెళ్లి అక్కడ ఆటో పట్టాలి. పక్కనున్న లింగాలకొండతో కలిపి సగం రోజు. కనుమ నాడు అక్కడ జాతర, ప్రశాంతంగా చూడాలంటే ఇంకో రోజు వెళ్లండి.