అలాట్‌మెంట్‌లో అక్టోబరు కోతలు: దిగేముందు ఇవి చూసుకోండి

ఇంగ్లండ్‌లో అలాట్‌మెంట్ (కూరలు పండించుకోడానికి అద్దెకిచ్చే చిన్న నేల) తీసుకుని, తొలి గడ్డమంచు పడేలోపు మడులు ఖాళీ చేసేవాళ్లకు:

వేళ్లు బొడిపెలు కట్టి ఉబ్బిన క్యాబేజీ మొక్క కంపోస్టులో పడకూడదు. అది క్లబ్‌రూట్ అనే వేరు తెగులు. మట్టిలో 20 ఏళ్ల దాకా ఉండిపోతుంది, మన చిన్న కుప్పకి దాన్ని చంపేంత వేడి రాదు. ఉల్లిగడ్డ అడుగున తెల్లబూజు, అందులో గసగసాలంత నల్లగింజలు కనిపించినా అంతే.

గుమ్మడిని తొడిమ పట్టుకుని ఎత్తొద్దు. ఊడిందా, కుళ్లు అక్కడే మొదలు.

పచ్చబడ్డ బంగాళాదుంప కూరకి వద్దు, విషం.

చిక్కుడు తీగ మొదట్లో కోయండి, పీకొద్దు. వేళ్ల బుడిపెల్లోని నత్రజని మడికే దక్కుతుంది.

పార్స్‌నిప్‌కి (క్యారెట్‌లాంటి తెల్లటి దుంప) తొందరేం లేదు, చలి తగిలితేనే తీపెక్కుతుంది.

పాత కంపోస్టు కుప్పలో ఫోర్కు (తోటపని ముళ్లపార) దింపేముందు మెల్లగా కదిపి చూడండి. లోపల హెడ్జ్‌హాగ్ (ఒంటినిండా ముళ్లుండే చిన్న జంతువు) ముడుచుకుని పడుకుని ఉండొచ్చు.