బైపాస్ చేయాలన్నప్పుడు రిపోర్టులో ఏం చూడాలి, డాక్టరును ఏం అడగాలి

యాంజియోగ్రామ్ చూసి డాక్టరు బైపాస్ (గుండె నాళంలోని అడ్డంకిని దాటించి మరో నాళాన్ని కలిపే ఆపరేషన్) మాట ఎత్తగానే ముందుగా తేల్చుకోవలసింది, అది గుండెపోటు వచ్చిన అత్యవసర పరిస్థితా, లేక నడిచినప్పుడు మాత్రమే వచ్చి తగ్గిపోయే నిలకడైన ఛాతీనొప్పా అన్నది. గుండెపోటులో మూసుకుపోయిన నాళాన్ని సాధారణంగా స్టెంటుతో, అంటే నాళం లోపల అమర్చే సన్నని జాలీ గొట్టంతో, వెంటనే తెరుస్తారు. అక్కడ రెండో అభిప్రాయం కోసం తిరగకూడదు. నొప్పి నిలకడగా ఉంటే మాత్రం ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది, దాన్ని తప్పక వాడుకోవాలి.

1967లో సర్జన్ రెనే ఫవలోరో కాలి సిరతో బైపాస్ చేసినప్పుడు రోగులకు వేరే దారి పెద్దగా లేదు. 1977లో బెలూన్‌తో నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ, ఆపైన స్టెంట్లు, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వచ్చి ఆ స్థితిని మార్చాయి. ఎడమ ప్రధాన ధమని (గుండె ఎడమవైపు నాళాలకు మూలమైన నాళం) బాగున్న నిలకడైన రోగులలో ముందే స్టెంటు వేసినా, బైపాస్ చేసినా, మంచి మందులతో పోలిస్తే మొత్తం మరణాలు తగ్గలేదని 2020లో వెలువడిన ఇస్కీమియా అధ్యయనం చూపింది. ఛాతీనొప్పి మాత్రం బాగా తగ్గింది.

అందుకే రిపోర్టులో మూడు విషయాలు వెతకండి. ఎడమ ప్రధాన ధమనిలో అడ్డంకి ఉందా? అడ్డంకులు ఎన్ని, ఎంత క్లిష్టమైనవి అని కొలిచే సింటాక్స్ స్కోరు ఎంత? 22 లోపు ఉంటే స్టెంటుకూ అవకాశం ఉంటుంది, 33 లేదా అంతకు మించితే బైపాస్ వైపే మొగ్గు. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ (గుండె ఒక్కో స్పందనకు బయటికి పంపే రక్తం శాతం) 35 శాతమో, అంతకన్నా తక్కువో ఉందా? మధుమేహంతో పాటు గుండె మూడు ప్రధాన నాళాల్లోనూ జబ్బు ఉన్నవారికి బైపాసే మేలని 2012 నాటి ఫ్రీడమ్ అధ్యయనం తేల్చింది. స్టెంటు ఒక్క అడ్డంకినే తెరుస్తుంది. బైపాస్ నాళాన్ని అడ్డంకులు దాటాక కలుపుతారు కాబట్టి, రేపు అదే భాగంలో కొత్త అడ్డంకి ఏర్పడినా గుండె కండరానికి రక్తం అందుతుంది. నా దృష్టిలో ఈ ఆపరేషన్ నేటికీ నిలబడటానికి అసలు కారణం ఇదే.

కార్డియాలజిస్టు, సర్జన్ కలిసి చర్చించారా అని అడగండి. ఎల్ఏడీకి (గుండె ముందు భాగానికి రక్తం అందించే ప్రధాన నాళం) ఛాతీ లోపలి ధమనిని కలుపుతారా అనీ అడగండి. అది పదేళ్ల తర్వాత కూడా ఎక్కువమందిలో తెరిచే ఉంటుంది, కాలి సిరలు అంత మన్నవు. రక్తం గడ్డకట్టకుండా వాడే క్లోపిడోగ్రెల్ వంటి మాత్రలను ఆపరేషన్‌కు ఎన్ని రోజుల ముందు ఆపాలో డాక్టరే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఛాతీ ఎముక అతుక్కునే దాకా, అంటే సుమారు 6 నుంచి 8 వారాలు, బరువులు ఎత్తకూడదు. ఆపరేషన్ అయ్యాక కూడా ఆస్పిరిన్, స్టాటిన్ కొనసాగించాలి, పొగతాగడం పూర్తిగా మానాలి. లేకుంటే కొత్తగా వేసిన నాళాలూ పూడుకుపోతాయి.